124 రోజులు ఆగి విన్న మొదటి మాట: వద్దు

నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేశాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోట చదివానని గొప్పగా చెప్పుకుంటాను కానీ, నేను చేసిన కచేరీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులోనూ చాలావరకు పక్కవాద్యమే. సోలో వాయించాలన్న కోరిక ముప్పై ఏళ్లుగా అలాగే ఉండిపోయింది.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి వాళ్ల అమ్మ ఆసుపత్రిలో నర్సు. పిల్లల క్యాన్సర్ వార్డులో వాయించేవాళ్లు కావాలని ఆవిడ అన్నప్పుడు, వచ్చే శనివారమే వెళ్లి నాలుగు పాటలు వాయించి రావచ్చనుకున్నాను. 2024 జూన్ 10న దరఖాస్తు పంపాను. మొదటి మంచం దగ్గర నిలబడింది అక్టోబర్ 12న. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుందని, మధ్యలో ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను. పిల్లల పేర్లు, ఆసుపత్రి పేరు రాయను. రాయనని సంతకం పెట్టాను కూడా.

దరఖాస్తుకు జవాబు 22 రోజుల తర్వాత ఫోను రూపంలో వచ్చింది. జూలై 9న సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. వయొలిన్ పట్టుకెళ్లాను, వాయించమంటారేమోనని. పెట్టె మూత కూడా తీయనివ్వలేదు. అక్కడి సోషల్ వర్కర్ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. "పిల్లవాడు వద్దంటే ఏం చేస్తారు మేడమ్?" అని అడిగింది. "ఇంకో మంచి పాట వాయిస్తాను" అన్నాను, వెంటనే, నవ్వుతూ. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ జవాబు తప్పని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

తర్వాత వైద్య పరీక్షలు. ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి టీకా కాగితం, ఫ్లూ టీకా, ఆటలమ్మ వచ్చిపోయిందో లేదో తెలిపే రక్త పరీక్ష. కీమో తీసుకుంటున్న పిల్లలకు ఆటలమ్మ సోకితే ప్రాణం మీదికి వస్తుందట. అమ్మను అడిగితే, "నీకు ఐదో ఏట అమ్మవారు పోసింది, వేపాకు నీళ్లు పోసింది నేనే కదా" అంది. జూలై 13న రక్తం ఇచ్చాను. ఆటలమ్మ వచ్చిన ఆనవాలే లేదని తేలింది. అప్పుడు వచ్చింది తట్టు అయి ఉంటుందని డాక్టర్ అన్నారు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ ప్రయోగశాల కాగితాన్ని నమ్మదు.

దాంతో ఆటలమ్మ టీకా రెండు డోసులు వేయించుకోవాల్సి వచ్చింది. మొదటిది జూలై 18న, రెండోది ఆగస్టు 24న. ఆ తర్వాత మూడు వారాలు ఒంటి మీద పొక్కులేవీ లేవని చూసుకున్నాకే లోపలికి రమ్మన్నారు. బతికున్న క్రిమితో చేసే టీకా కాబట్టి ఆ జాగ్రత్త. టీకాలకు, పరీక్షలకు కలిపి నాకు ఏడు వేలు దాటింది. పోలీసు ధ్రువపత్రానికి ఖర్చు తక్కువే కానీ రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒక్క నిమిషం కూడా వాయించకుండానే ఇంత ఖర్చేమిటని ఇంట్లో మావారు ఒకసారి అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. సగంలో మానేద్దామని రెండుసార్లు అనిపించిన మాట నిజం.

సెప్టెంబర్‌లో రెండో శనివారం, నాలుగో శనివారం శిక్షణ. బ్యాంకు వాళ్లకు సెలవు ఉండే శనివారాలు అవే కాబట్టి, నా హాజరు కూడా నెలకు ఆ రెండు రోజులని ఖాయమైంది. ఆరుగురం ఉన్నాం. మాలో వేణువు వాయించే ఆయన ఒకరు, నాకంటే ఎన్నో రెట్లు విద్వాంసులు. నోటి గాలి పోయే వెదురు గొట్టాన్ని ఎలా శుభ్రం చేసినా లోపల తడి మిగులుతుందని వార్డులోకి అనుమతించలేదు. ఆయన ఒక్క మాట అనకుండా వేణువును గుడ్డ సంచిలో పెట్టుకుని, పిల్లలకు కథలు చెప్పే బృందంలో చేరిపోయారు. ఆయన స్థానంలో నేనుంటే ఇంటికి వచ్చేసేదాన్ని.

నా వయొలిన్‌తో వచ్చిన చిక్కులు వేరు. మొదటిది రోజిన్, అంటే తీగల మీద లాగే కమానుకు పట్టు కోసం రాసే గట్టి బంక. కమానుకు రోజిన్ రాస్తే తెల్లటి పొడి లేస్తుంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు దాన్ని వేలితో తీసి వెలుతురులో చూపించి, "ఇది పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోదా అమ్మా?" అంది. ఇరవై నాలుగు గంటలూ ఆ పొడి పీలుస్తూ బతికిన నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. రోజిన్ ఇంట్లోనే రాసుకోవాలి, వార్డు బయట కమానును విదిలించి, వయొలిన్ మీద పడ్డ పొడి తుడుచుకుని లోపలికి రావాలి. రెండోది వయొలిన్ పెట్టె. లోపల మఖమల్ గుడ్డ ఉంటుంది, ఉతకడం కుదరదు, కాబట్టి పెట్టె బయటే. మూడోది నా తెలివితక్కువతనం. వాయిద్యాన్ని తుడవాలన్నారు కదా అని ఇంట్లో స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దాను. నాన్నగారు కొనిచ్చిన వయొలిన్ మీద అరచేతి మేర వార్నిష్ కరిగి తెల్లబడింది. ఆ రాత్రి ఏడ్చాను. సారాయి లాంటిది ఏది తగిలినా పాత వార్నిష్ కరుగుతుందని మరమ్మతు చేసే ఆయన తర్వాత తిట్టారు. చివరికి ఆసుపత్రి కోసం ఆరున్నర వేలకు మామూలు వయొలిన్ ఒకటి కొన్నాను. దాని మీద పూత మందం, తడిగుడ్డతో ధైర్యంగా తుడవవచ్చు. శానిటైజర్ రాసుకున్న చేతులు పూర్తిగా ఆరేదాకా దాన్ని ముట్టుకోను.

అన్నింటికంటే పెద్ద చిక్కు మాత్రం నేను ఊహించనిది. కర్ణాటక సంగీతంలో మనం నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారితేనే గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. వార్డులో నేల మీద కూర్చోవడం నిషేధం. పాశ్చాత్యుల్లా గడ్డం కింద నొక్కిపెట్టి నిలబడి వాయించబోతే, చెయ్యి కిందికి జారిన ప్రతిసారీ వయొలిన్ కూడా జారింది. రెండు వారాలు ఇంట్లో కుస్తీ పట్టాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, కుడి మడమను ఎడమ మోకాలి మీద వేసుకుని, ఆ పాదం మీద వయొలిన్ తలను ఆనించడం చివరికి కుదిరింది. పదిహేను నిమిషాలకు తొడ పట్టేస్తుంది. చూడడానికి అంత మర్యాదగా కూడా ఉండదు. వార్డు పిల్లలు దాన్ని "టీచర్ కొంగ ఆసనం" అంటారు.

అక్టోబర్ 12 విజయదశమి. విద్య మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచిరోజు ఉంటుందా అని అమ్మ పొద్దున్నే కొత్త వయొలిన్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. వార్డు తలుపు దగ్గర నర్సు చూసి, "కుంకుమ తుడిచెయ్యాలమ్మా" అంది మెల్లగా. తప్పదని తెలుసు. అయినా పండగ పూట అమ్మ పెట్టిన బొట్టు తడి గుడ్డతో తుడుస్తుంటే చెయ్యి ఆడలేదు. నర్సు కొంచెం ఆగి, "మా స్కూటీకీ బొట్టు ఉంది, అది బయటే కదా" అని నవ్వింది.

పద్నాలుగు మంచాలు. పండగైనా ఇంటికి పంపలేని పిల్లలు పదకొండు మంది. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, ఒడిశా కొరాపుట్ వాళ్లు కొందరు. మొదటి మంచం మీద తొమ్మిదేళ్ల అబ్బాయి. శిక్షణలో చెప్పినట్టే, మంచం కాళ్ల దగ్గర ఆగి అడిగాను: "ఒక పాట వాయించనా?"

"వద్దు" అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నూట ఇరవై నాలుగు రోజులు, పదమూడు వేల రూపాయలు, నాన్నగారి వయొలిన్ మీద మచ్చ. "వద్దు." నోటిదాకా వచ్చిన "పోనీ ఇంకొకటి" అనే మాటను మింగి, "సరే నాన్నా" అని పక్కకు జరిగాను. వాళ్లమ్మ కంగారుపడి, "అలా అనకూడదురా, పెద్దావిడ వచ్చారు" అంటోంది. సోషల్ వర్కర్ ఆమెను ఆపింది. బయటికి వచ్చాక నాతో అన్నది ఇంతే: "మేడమ్, వాడు సూది వద్దనలేడు, మందు వద్దనలేడు, నడుములో పొడిచే సూదిని కూడా వద్దనలేడు. ఈ ఆసుపత్రి మొత్తం మీద వాడు వద్దనగలిగింది మిమ్మల్నొక్కరినే."

ఆ రోజు ఏడుగురు సరే అన్నారు. నేను నెలరోజులు సాధన చేసి తెచ్చుకున్న నీలాంబరి, ఆనందభైరవి రాగాలు ఎవరికీ అక్కర్లేదు. పెద్దవాళ్లం ఆసుపత్రి అనగానే జోలపాటలు ఊహిస్తాం. పిల్లలు అడిగినవి ఆ నెల విడుదలైన సినిమా పాటలు. ఒక్కటీ రాదు నాకు. అప్పటి నుంచి బస్సులో చెవిలో తీగలు పెట్టుకుని కొత్త పాటలకు స్వరాలు కట్టుకుంటున్నాను. యాభై దాటాక ఇదొక చదువు.

పాట కంటే బాగా పట్టిన ఆట ఒకటి అనుకోకుండా దొరికింది. స్టెరాయిడ్ మందు వాడే పిల్లలకు విపరీతమైన ఆకలి. బుగ్గలు ఉబ్బి, పది గంటలకే మధ్యాహ్నం భోజనం గురించి మాట్లాడుతుంటారు. ఒక పాప, పచ్చ టోపీ పెట్టుకుంటుంది, "తిండి పాట ఉందా?" అని అడిగింది. లేదు. కానీ తాళం ఉంది. తకిట అంటే మూడు, పకోడి. తకధిమి అంటే నాలుగు, పెసరట్టు. రెండూ కలిపితే ఏడు, మిశ్రచాపు తాళం. "పకోడి పెసరట్టు, పకోడి పెసరట్టు" అని పాప మంచం కమ్మీ మీద కొడుతుంటే నేను మోహన రాగంలో చుట్టూ తిరిగాను. అమ్మానాన్నలు కూడా చేతులు కలిపారు. నా జీవితంలో మిశ్రచాపుకు అంత మంది తాళం వేయడం అదే మొదలు. సంగీత సభల్లో కూడా చూడలేదు.

రెండు నిమిషాల్లో నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. పక్క మంచం బాబుకు ఆ పొద్దునే ఎర్ర రంగు కీమో మందు ఎక్కించారు. తిండి మాట వినబడితేనే వాంతి. తల్లి అప్పటికే బేసిన్ పట్టుకుని ఉంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాతి నుంచి ముందు నర్సును అడుగుతున్నాను, ఈవేళ ఎవరికి వికారంగా ఉందని. ఎవరికీ లేకపోతేనే పకోడి. ఉంటే "కాకులు" మూడు, "చిలకలు" నాలుగు.

నవంబర్ 23న వెళ్లలేదు, జలుబు. తుమ్ము వచ్చినా ఫోను చేసి మానేయాలి. పిల్లలకు రక్తకణాల కౌంట్లు పడిపోయి ఉంటాయి, మన జలుబు వాళ్లకు జలుబుతో ఆగదు. తలుపు మీద ఎర్ర కాగితం అంటించి ఉంటే ఆ గదిలోకి వెళ్లకూడదు, గుమ్మం బయట కారిడార్‌లో కూర్చుని తలుపు అద్దంలోంచి వాయించాలి. ధ్వని ఎంత చేరుతుందో తెలియదు. లోపల పిల్లవాడు కాలి బొటనవేలు కదిలిస్తే చేరినట్టు.

డిసెంబర్ 14న మొదటిసారి ఐసీయూకి పిలిచారు. కొరాపుట్ నుంచి వచ్చిన ఆరేళ్ల పాప, ఆక్సిజన్ మీద ఉంది. తండ్రికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. వయొలిన్ చూపించి, చెయ్యి ఊపి అడిగాను. ఆయన పాప వైపు చూశాడు. పాప రెప్ప వాల్చి ఎత్తింది. అది చాలని నర్సు అంది.

అక్కడ ఆధార స్వరం వినిపించే శ్రుతిపెట్టె పెట్టలేదు. మానిటర్ ఒకటే స్వరంలో కూస్తూనే ఉంటుంది, దానికీ శ్రుతిపెట్టెకూ పడదు, వినడానికి నరకం. అందుకని తీగలను మానిటర్ కూతకే కలిపాను. అదే షడ్జమం, నా "స" అనుకున్నాను. రబ్బరు మ్యూట్ పెట్టి, చాలా సన్నగా నీలాంబరి మొదలుపెట్టాను. చివరికి దానికీ ఒక చోటు దొరికింది. నాలుగైదు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి నా షడ్జమం అపశ్రుతిలా వినిపించింది. ఏసీ చలికి బిరడా జారిందేమో అనుకుని తీగ మీటి చూశాను. తీగ సరిగ్గానే ఉంది. మానిటర్ స్వరమే దిగింది. ఇంకొంచెం దిగింది. నేను కమాను ఎత్తేసి నర్సు వైపు చూశాను. ఆమె అప్పటికే మంచం దగ్గర ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ కూత స్వరం కిందికి దిగేలా యంత్రాన్ని చేస్తారట, తెర వైపు చూడకుండానే చెవికి తెలిసేలా. ఆమె పాప వేలికి ఉన్న క్లిప్పు తీసి, వెచ్చగా ఉన్న ఇంకో వేలికి పెట్టింది. స్వరం మెట్టు మెట్టుగా పైకెక్కి మళ్లీ నా తీగ దగ్గరికి వచ్చి ఆగింది. క్లిప్పు జారిందంతే.

నా చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. "వాయించండి, వింటోంది" అంది నర్సు. వాయించాను. కానీ ఆ తర్వాత నేను రాగం వినలేదు, ఆ కూతనే విన్నాను. పక్కవాద్యం వాయించేవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది. గాయకుడి ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో చూస్తూ, అరక్షణం వెనకగా నడుస్తాం. ఆయన చెయ్యి ఎత్తితే కమాను దించేస్తాం. సోలో కోసం ఇన్నేళ్లు తపించినదాన్ని, ఈ వార్డులో ఒక్కరోజు కూడా ఆ సంగతి గుర్తుకు రాలేదు.

జనవరి 11, సంక్రాంతికి ముందు శనివారం. ప్రతిసారీ లోపలికి వెళ్లేముందు సోషల్ వర్కర్ కారిడార్‌లో రెండు నిమిషాలు చెబుతుంది: ఎవరు ఇంటికి వెళ్లారు, ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరి దగ్గరికి వెళ్లకూడదు. ఆ రోజు అంతా చెప్పాక ఆగింది. "పచ్చ టోపీ పాప గురువారం" అంది. అంతే. అడగకూడదని శిక్షణలోనే చెప్పారు. వెనక్కి వెళ్లిపోవచ్చని, ఎవరూ ఏమీ అనుకోరని కూడా ఆ అమ్మాయి చెప్పింది. నేను వెళ్లలేదు. లోపల ఆ మంచం మీద వేరే బాబు ఉన్నాడు, గాలిపటం బొమ్మకు రంగులు వేస్తున్నాడు. సరే అన్నాడు. వాయించాను. ఏం వాయించానో గుర్తులేదు, ఏడు లెక్కలో మాత్రం వాయించలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పులిహోర తిన్నాను. బాగా ఆకలిగా ఉంది. అంత ఆకలి వేసినందుకు సిగ్గేసింది. ఇంటికి వెళ్లి రెండు వారాలు వయొలిన్ ముట్టుకోలేదు, జనవరి 25 పొద్దున రోజిన్ రాసేదాకా. సోషల్ వర్కర్ మధ్యలో రెండుసార్లు ఫోను చేసింది. వస్తారా అని అడగలేదు, ఎలా ఉన్నారని మాత్రమే అడిగింది. శిక్షణ ఇచ్చేచోట ఈ ఫోను చేసే మనిషి ఉన్నారో లేరో ముందే కనుక్కోండి. లేకపోతే చేరకండి.

ఫిబ్రవరిలో ఒకరోజు వాయించనే లేదు. నర్సీపట్నం నుంచి వచ్చిన ఒక నాయనమ్మ, మనవడికి జ్వరం తగ్గక నాలుగు రోజులుగా నిద్ర లేదు. నన్ను చూసి, "నాకొచ్చిన పాట నేను పాడుకుంటాను, నువ్వు పక్కన కూర్చోమ్మా" అంది. ఏదో వరి నాట్ల పాట, జోలపాటగా సాగదీసింది. శ్రుతి లేదు, చరణం చరణానికీ మారిపోతోంది. మొదట వెంటపడి పట్టుకోబోయాను. తర్వాత కమాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిల్లవాడు పడుకున్నాడు. ఆమె కూడా మంచం అంచున తల ఆనించి పడుకుంది. నా తొడ పట్టేసింది కానీ, స్టూలు చప్పుడవుతుందని ఇరవై నిమిషాలు కదల్లేదు.

ఇక మొదటి మంచం అబ్బాయి. వాడు ప్రతిసారీ "వద్దు" అన్నాడు. నేను ప్రతిసారీ అడిగాను. అక్టోబర్‌లో గోడ వైపు తిరిగి, నవంబర్‌లో దుప్పటి లోంచి, డిసెంబర్‌లో ఫోనులో ఆట ఆపకుండా. జనవరి చివర్లో వాళ్లమ్మ నన్ను నీళ్ల కుళాయి దగ్గర పట్టుకుని, "అడగడం మానకండమ్మా" అంది. శుక్రవారం రాత్రి నుంచే రేపు టీచర్ వస్తుందా అని అడుగుతాడట. వస్తుందంటే, "వద్దంటాను" అని చెప్పి పడుకుంటాడట. మార్చి 8న ఇంటికి పంపేశారు. ఇక రెండేళ్ల వరకు మాత్రలు, నెలకోసారి పరీక్షలు. వెళ్లే ముందు కూడా అడిగాను. వద్దన్నాడు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

ఏప్రిల్ 12న కింద ఓపీ వరుసలో కనిపించాడు. జుట్టు వచ్చింది, కొంచెం గరుగ్గా. నేను ఇంకా మెట్లు దిగుతూనే ఉన్నాను, చేతిలో వయొలిన్ పెట్టె. అంత మంది మధ్యలో, మాస్కు కిందికి లాగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"వద్దు!"

"సరే నాన్నా" అన్నాను.